ఫీల్డ్ వర్క్‌లో మీరేం చేశారు?

ఎం.ఎస్.డబ్ల్యూ. పూర్తి చేసి సఖి కేంద్రంలో కేస్ వర్కర్ ఉద్యోగానికో, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో సోషల్ వర్కర్ పోస్టుకో, ఆసుపత్రిలో కౌన్సెలర్ పనికో ఇంటర్వ్యూకు వెళ్తే తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఇది. జవాబు కూడా దాదాపు అందరిదీ ఒకటే. "ఫలానా ఎన్జీవోలో చేశాను సార్. అవేర్‌నెస్ ప్రోగ్రాములు పెట్టాం, ర్యాలీ తీశాం, సర్వే చేశాం." బోర్డులో కూర్చున్నవాళ్లు ఇది ఇంతకుముందే చాలాసార్లు విని ఉంటారు. అందుకే వెంటనే రెండో ప్రశ్న వేస్తారు. "మీరు చూసిన ఒక్క మనిషి గురించి చెప్పండి. ఆ మనిషి విషయంలో మీరేం చేశారు? అదే ఎందుకు చేశారు?"

గొంతు తడారిపోయేది ఇక్కడే. నాలుగు సెమిస్టర్లు పాసైనవాళ్లు, వారానికి రెండు రోజులు ఫీల్డ్‌కు వెళ్లినవాళ్లు, రూరల్ క్యాంపులో వంటలు కూడా చేసినవాళ్లు ఈ ప్రశ్న దగ్గర తెల్లమొహం వేస్తారు. వాళ్లు పని చేయలేదని కాదు. చేసిన పనిని ఎందుకు చేశారో ఆలోచించుకునే అలవాటు పడలేదు. పనికి సిద్ధంగా ఉండటమంటే ఆ 'ఎందుకు'కు జవాబు చెప్పగలగడమే. ఏం చూశాను, ఏం చేశాను, ఎందుకు చేశాను, తర్వాత ఏం చేయాలి, నాకు తెలియనిది ఎవరిని అడగాలి: ఈ అయిదింటికీ తడబడకుండా సమాధానం ఇవ్వగలిగినవాళ్లు మొదటి రోజు నుంచే పనికొస్తారు. ఇది చివరి సెమిస్టర్‌లో ఒక్కసారిగా పట్టుబడే విద్య కాదు. ప్రతి ఫీల్డ్ రోజూ కొంచెం కొంచెంగా వస్తుంది. ఎలా వస్తుందో ఈ అధ్యాయంలో చూద్దాం.

బస్తీలోంచి పుట్టిన చదువు

మన దేశంలో సోషల్ వర్క్ చదువు 1936లో బొంబాయిలో మొదలైంది. సర్ దొరాబ్జీ టాటా పేరు మీద పెట్టిన ఆ స్కూలే 1944 నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. దాన్ని మొదలుపెట్టిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అమెరికా నుంచి వచ్చిన మిషనరీ. నాగ్‌పాడా అనే కార్మికవాడలో నైబర్‌హుడ్ హౌస్ నడిపినవాడు. అక్కడ పనిచేస్తున్నప్పుడే, మంచి మనసొక్కటే ఈ పనికి చాలదని, శిక్షణ ఉన్న మనుషులు కావాలని ఆయనకు తోచింది. స్కూలు ఆ అవసరంలోంచి వచ్చింది. అంటే ఈ దేశంలో ముందు బస్తీ వచ్చింది, తరగతి గది ఆ తర్వాత వచ్చింది.

అమెరికాలో సోషల్ వర్క్ విద్యను పర్యవేక్షించే కౌన్సిల్ 2008లో ఫీల్డ్ వర్క్‌ను ఈ చదువుకు 'సిగ్నేచర్ పెడగాజీ' అని ప్రకటించింది. డాక్టరు వార్డులో తయారైనట్టు సోషల్ వర్కర్ ఫీల్డ్‌లో తయారవుతారని దాని సారాంశం. మన సిలబస్‌లలోనూ ఫీల్డ్ వర్క్‌కు విడిగా మార్కులు, గంటలు, వైవా అన్నీ ఉన్నాయి. అయినా చాలా విభాగాల్లో అది హాజరు పట్టీకి, సంతకాలకు కుదించుకుపోయింది. దీనికి వ్యవస్థను తిట్టుకోవచ్చు, తిట్టాలి కూడా. కానీ మీ రెండేళ్లు మాత్రం వ్యవస్థ బాగుపడేదాకా ఆగవు. అందుకే మీ చేతిలో ఉన్నదాని గురించి మాట్లాడుకుందాం.

ఈ సీటు ఎలా వచ్చినా సరే

ముందు ఒక సంకోచం తీర్చుకోవాలి. ఎం.ఎస్.డబ్ల్యూ.లో చేరిన వాళ్లందరూ చిన్నప్పటి నుంచి సమాజసేవ కలలు కన్నవాళ్లు కాదు. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రలో పీజీసెట్ రాసి, అనుకున్న సబ్జెక్టులో సీటు రాక ఇటు వచ్చినవాళ్లున్నారు. హాస్టల్, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటే గ్రూప్స్‌కు ప్రిపేర్ కావచ్చని చేరినవాళ్లున్నారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఈ పనికి పుట్టుకతో వచ్చే పిలుపేదో అవసరం లేదు, నేర్చుకుంటే చాలు.

పైగా మీలో చాలామందికి ఒక బలం ఉంది. ఇంట్లో మొదటిసారి పీజీ దాకా వచ్చినవాళ్లు మీరు. ఉపాధి హామీ మస్టర్‌లో పేరు ఎక్కకపోతే ఏమవుతుందో, రేషన్ కార్డులో పేరు తొలగిపోతే ఎన్ని ఆఫీసులు తిరగాలో, డ్వాక్రా లోను వాయిదా కట్టే రోజు ఇంట్లో వాతావరణం ఎలా ఉంటుందో మీకు పుస్తకం చెప్పనక్కర్లేదు. అయితే ఈ బలంలో ఒక ప్రమాదం కూడా ఉంది. 'నాకు తెలిసిన జీవితమే కదా' అనుకుంటే ఎదుటి మనిషిని అడగడం మానేస్తాం. మీ అమ్మ కష్టం మీకు తెలుసు. ఎదురుగా కూర్చున్న అమ్మ కష్టం వేరు కావచ్చు. అడిగితేనే తెలుస్తుంది.

వెళ్లేముందు అరగంట

ఫీల్డ్‌కు వెళ్లే రోజు ఉదయం బస్సు ఎక్కడమే పనిగా పెట్టుకుంటే ఆ రోజు ఎలా గడుస్తుందో మీకు తెలుసు. సంస్థకు వెళ్తారు. మేడమ్ మీటింగ్‌లో ఉంటారు. కుర్చీలో కూర్చుంటారు. మధ్యాహ్నం రిజిస్టర్‌లో ఏవో పేర్లు ఎక్కించమంటారు. సాయంత్రం సంతకం పెట్టించుకుని వచ్చేస్తారు.

దీనికి విరుగుడు ముందురోజు రాత్రి ఒక అరగంట. నోటుబుక్కులో మూడు వాక్యాలు రాసుకోండి. రేపు నేను తెలుసుకోవాల్సిన ఒక విషయం. రేపు నేను అభ్యాసం చేయాల్సిన ఒక నైపుణ్యం. రేపు నేను కలవాల్సిన ఒక మనిషి. 'కమ్యూనిటీని అర్థం చేసుకోవాలి' అని రాస్తే అది రాయనట్టే లెక్క. 'అంగన్‌వాడీకి రాని పిల్లల ఇళ్లు రెండు చూడాలి. ఎందుకు పంపడం లేదని నిలదీయకుండా, పిల్లల పొద్దు ఎలా గడుస్తుందో అడగాలి' అని రాస్తే అది పని.

అడగాల్సిన ప్రశ్నలను వాళ్ల మాటలో ముందే అనుకోండి. మీ నోట్స్‌లో 'సపోర్ట్ సిస్టమ్' అని ఉంటుంది. గుమ్మం దగ్గర మాత్రం "రాత్రిపూట పానం బాగలేకపోతే ఎవరిని పిలుస్తరు?" అనే అడగాలి. తరగతిలో ఇంగ్లిషులో విన్న ప్రతి పెద్ద మాటకూ ఇలా ఒక ప్రశ్న తయారు చేసుకున్నవాళ్లకు సిద్ధాంతం మరిచిపోవడం ఉండదు.

ఇక సంస్థలు విద్యార్థులను గుమాస్తా పనికి, బ్యానర్లు పట్టుకోవడానికి, ఫొటోల కోసం గుంపుగా నిలబెట్టడానికి వాడుకోవడం నిజమే. పూర్తిగా తప్పించుకోలేకపోయినా బేరం ఆడవచ్చు. "మేడమ్, ఈ రిజిస్టర్ మధ్యాహ్నంలోగా పూర్తి చేస్తాను. తర్వాత ఆశా అక్కతో రెండు ఇళ్లకు వెళ్లనిస్తారా?" అని మర్యాదగా అడిగితే వద్దనేవాళ్లు తక్కువ. రిజిస్టర్‌ను కూడా ఊరికే ఎక్కించకండి. ఎవరి పేర్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి, ఏ వాడ నుంచి అసలు ఎవరూ రావడం లేదు అని చూడండి. ఎవరూ రాని ఆ వాడలోనే మీ పని ఉండవచ్చు.

ఒకే ఇల్లు, రెండు రిపోర్టులు

ఇప్పుడు ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. మన తరగతుల్లో నిత్యం కనిపించే పరిస్థితులను కలిపి అల్లినదే ఇది. తెలంగాణలో ఒక పల్లె. ఒక విద్యార్థిని ఒంటరిగా కూర్చున్న ఒక అవ్వ దగ్గరికి వెళ్లింది. ఆ రోజు ఆమె రాసిన రిపోర్టు ఇలా ఉంది:

"ఈ రోజు కమ్యూనిటీ విజిట్ చేశాను. ఒక వృద్ధురాలితో మాట్లాడి ర్యాపో ఏర్పరచుకున్నాను. ఆమెకు పింఛన్ సమస్య ఉంది. కౌన్సెలింగ్ ఇచ్చి, ప్రభుత్వ పథకాలపై అవగాహన కల్పించాను. ఆమె చాలా సంతోషించింది."

ఫీల్డ్ వర్క్ రికార్డుల్లో సగానికి సగం ఇలాగే ఉంటాయి. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఒక్క వాక్యం కూడా పనికిరాదు. పింఛన్ సమస్య అంటే ఏమిటి? మంజూరు కాలేదా, ఆగిపోయిందా, వస్తున్నా చేతికి అందడం లేదా? కౌన్సెలింగ్ అంటే ఏం మాట్లాడారు? డెబ్బై ఏళ్ల మనిషికి ఏ విషయంలో అవగాహన లేదని కల్పించారు? సంతోషించిందని ఎలా తెలిసింది?

సూపర్‌వైజర్ ఆ రిపోర్టు తిరిగి ఇచ్చి, "అవ్వ ఏమన్నదో, నువ్వేమన్నావో గుర్తున్నంతవరకు మాటకు మాట రాయి" అన్నారు. రెండో రిపోర్టు ఇలా వచ్చింది:

"నేను: అవ్వా, పానం మంచిగున్నదా?
అవ్వ: ఏం మంచి బిడ్డా. పింఛన్ రాకపాయె. ఏలిముద్ర పడ్తలేదంటున్నరు.
నేను: ఎన్నడు తీసుకున్నవ్ అవ్వా ఆఖరిసారి?
అవ్వ: సంకురాత్రికి తీసుకున్న. మల్ల తీసుకోలె.
నేను: మరి తిండికెట్ల?
(అవ్వ ఇంట్లోకి చూసింది. కోడలు గిన్నెలు కడుగుతోంది. కొంచెంసేపు మాట్లాడలేదు.)
అవ్వ: గదేం లేదు బిడ్డా. నడుస్తది. నీళ్లు తాగుతవా?
నాకు అనిపించింది: తిండి మాట అడగకూడని చోట అడిగాను. ఏం మాట్లాడాలో తెలియక వెంటనే ఆసరా పథకం గురించి చెప్పడం మొదలుపెట్టాను. అవ్వ తలూపింది కానీ వినలేదు."

చూడండి, ఒకే ఇల్లు, ఒకే అరగంట. రెండో రిపోర్టులో ఇప్పుడు పని కనిపిస్తోంది. పింఛన్ మంజూరైంది, వేలిముద్ర పడక ఆగింది. కాబట్టి అది అవగాహన సమస్య కాదు, యంత్రం సమస్య. వేలిముద్ర పడనివాళ్లకు వేరే దారి ఏముందో పోస్టాఫీసులో, పంచాయతీ కార్యదర్శి దగ్గర కనుక్కోవాలి. ఇది ఈ వారమే అయ్యే పని. రెండోది, ఇంట్లో తిండి విషయంలో ఏదో ఉంది. అవ్వ చెప్పలేదు. ఆమె చూపు చెప్పింది. దాన్ని గుచ్చి గుచ్చి అడగకుండా, ఈసారి అవ్వ ఒంటరిగా దొరికే వేళకు, పోస్టాఫీసుకు తోడు వెళ్లే నెపంతో మాట్లాడాలి. మూడోది విద్యార్థిని గురించి. నిశ్శబ్దం భరించలేనప్పుడు ఆమె పథకాల ఉపన్యాసం అందుకుంటోంది. తన గురించి తాను ఇంత తెలుసుకోవడం ఏ పాఠమూ నేర్పదు.

సోషల్ వర్క్‌లో దీన్నే ప్రాసెస్ రికార్డింగ్ అంటారు. ఒక పక్క సంభాషణ, ఇంకో పక్క అప్పుడు మీకు కలిగిన భావం, మూడో పక్క ఆ మాట ఎందుకన్నారో విశ్లేషణ, చివర సూపర్‌వైజర్ వ్యాఖ్య. ప్రతి విజిట్‌కూ ఇలా రాయడం కుదరదు. వారానికి ఒక్క సంభాషణ, అదీ పది నిమిషాలది, ఇలా రాస్తే చాలు. ఫోనులో రికార్డు చేయకండి, ఎదుటివాళ్ల ముందు అదే పనిగా రాయకండి. బయటికి వచ్చాక బస్టాపులో కూర్చుని ముఖ్యమైన మాటలు నాలుగు గుర్తు పెట్టుకోండి, మిగతావి రాత్రికి వాటంతటవే వస్తాయి. రికార్డులో పేరు, ఇంటి నంబరు రాయకండి.

సిద్ధాంతం ఎక్కడ పనికొస్తుంది

అవ్వ కేసు దగ్గరే ఆగి, పుస్తకాలు తెరుద్దాం. 1957లో హెలెన్ హారిస్ పెర్ల్‌మన్ కేస్ వర్క్‌ను నాలుగు అంశాల్లో చెప్పింది: మనిషి, సమస్య, చోటు, ప్రక్రియ. పరీక్షలో ఇవి నాలుగు పాయింట్లు. ఫీల్డ్‌లో ఇవి నాలుగు ప్రశ్నలు. ఈ అవ్వ ఎవరు, ఇన్నేళ్లూ కష్టాలను ఎలా దాటుకొచ్చింది? ఆమె లెక్కలో సమస్య ఏది, నా లెక్కలో ఏది? నేను ఏ సంస్థ తరఫున వచ్చాను, ఆ సంస్థ ఏం చేయగలదు, ఏం చేయలేదు? మేమిద్దరం కలిసి ఏ వరుసలో ముందుకు పోతాం? ఈ మూడో ప్రశ్న మరిచిపోయినవాళ్లే "నేను చూసుకుంటాలే అవ్వా" అని మాటిచ్చి, సెమిస్టర్ అయ్యాక కనిపించకుండా పోతారు.

అదే 1957లో ఫెలిక్స్ బీస్టెక్ కేస్ వర్క్ సంబంధానికి ఏడు సూత్రాలు చెప్పాడు. అందులో ఒకటి, తన విషయంలో తానే నిర్ణయించుకునే హక్కు క్లయింటుకు ఉంటుందనేది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఇప్పుడు అవ్వ దగ్గర చూడండి. పోస్టాఫీసు దారిలో అవ్వ మనసు విప్పింది. కొడుకు కూలికి పోతాడు, కోడలు వేళకు పెట్టదు, పింఛన్ ఆగిన దగ్గర నుంచి మరీ చులకనైంది. విద్యార్థినికి చట్టం గుర్తొచ్చింది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే డివిజన్ స్థాయి ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, లాయరు అక్కర్లేదు. ఉత్సాహంగా చెప్పింది. అవ్వ అడ్డంగా తలూపింది. "వద్దు బిడ్డా. కొడుకు మీద నేనే కాయితం పెడ్తనా? రేపు నన్ను మోసేది వాడే."

ఇక్కడ మీరైతే ఏం చేస్తారు? దరఖాస్తు రాయించి వేలిముద్ర వేయించుకుంటే మీ రికార్డు బ్రహ్మాండంగా ఉంటుంది, అవ్వ బతుకు మాత్రం రెట్టింపు నరకం కావచ్చు. 'ఆమె వద్దంది కాబట్టి కేసు ముగిసింది' అని రాస్తే అది చేతులు దులుపుకోవడం. మధ్యలో చేయాల్సిన పని చాలా ఉంది. చట్టం ఉందని చెప్పడం, ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చని చెప్పడం. పింఛన్ మళ్లీ చేతికి వస్తే ఇంట్లో ఆమె మాటకు విలువ పెరుగుతుందేమో చూడటం. ఆమె ఒప్పుకుంటే కొడుకుతో నింద వేయకుండా మాట్లాడటం. కోడలి కష్టం కూడా వినడం, ఎందుకంటే ఆ ఇంట్లో అలసిపోయిన మనిషి అవ్వ ఒక్కతే కాకపోవచ్చు. పల్లెలో అవ్వకు దగ్గరైన మనిషి ఎవరో తెలుసుకోవడం. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరు ఆ మనిషికి ఇచ్చి ఉంచడం. ఇవన్నీ రికార్డులో రాసి, ప్రమాదం పెరిగే సూచనలు ఏమిటో, అవి కనిపిస్తే ఏం చేయాలో సూపర్‌వైజర్‌తో ముందే మాట్లాడుకోవడం. ఇంటర్వ్యూలో ఈ ఒక్క కేసు చెప్పగలిగితే చాలు, మీకు ఆ ఏడు సూత్రాలు వస్తాయో రావో ఎవరూ అడగరు.

ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి

అవ్వ విషయంలో ఆమె ఇష్టానికి అంత చోటు ఇచ్చాం. పిల్లల విషయంలో లెక్క మారుతుంది. బడిలో ఒక పాప మీ చెయ్యి పట్టుకుని, "అక్కా, ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తా" అంటుంది. ఆప్యాయత కొద్దీ "చెప్పనమ్మా" అనేస్తారు. అనకూడదు. పిల్లలపై లైంగిక నేరాల నుంచి రక్షణ కల్పించే పోక్సో చట్టం 2012 ప్రకారం అలాంటి నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలపాల్సిందే. తెలిసీ చెప్పకపోతే శిక్ష ఉంది. విద్యార్థులకు మినహాయింపు లేదు.

మరేమనాలి? "నువ్వు నాతో చెప్పడం మంచి పని, తల్లీ. నువ్వు క్షేమంగా ఉండటానికి అవసరమైతే ఒకరిద్దరు పెద్దవాళ్లకు చెప్పాల్సి రావచ్చు. ఎవరికి చెప్పినా ముందు నీతో చెప్పే చెబుతాను." ఈ మూడు వాక్యాలు అద్దం ముందు నిలబడి అలవాటు చేసుకోండి. పాప చెప్పాక వివరాల కోసం తవ్వకండి. విచారణ మీ పని కాదు. అదే రోజు, ఆ గంటలోనే సంస్థ బాధ్యులకు, కాలేజీ సూపర్‌వైజర్‌కు చెప్పండి. పోలీసులకు సమాచారం చేరిందో లేదో చూసుకోవడం కూడా మీ బాధ్యతే.

చట్టాలన్నీ కంఠస్థం చేయనక్కర్లేదు. ఏ పరిస్థితిలో ఏ తలుపు తట్టాలో తెలిస్తే చాలు. సంరక్షణ అవసరమైన బిడ్డ దొరికితే, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. జువైనల్ జస్టిస్ చట్టం 2015 చెప్పేది అదే. గృహహింస బాధితురాలికి 2005 చట్టం కింద రక్షణాధికారి ఉంటారు. వికలాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన వైకల్యాలు 21. నోటుబుక్కు మొదటి పేజీలో నంబర్లు రాసి పెట్టుకోండి: పిల్లలకు 1098, మహిళలకు 181, అత్యవసరానికి 112, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416, ఉచిత న్యాయసహాయానికి 15100. మీ జిల్లాలో సఖి కేంద్రం ఎక్కడుందో, సదరం క్యాంపు ఎప్పుడు పెడతారో, సీడీపీవో ఆఫీసు ఏ వీధిలో ఉందో స్వయంగా వెళ్లి చూసి రండి. ఒక తల్లిని పంపించే ముందు ఆ దారిలో మీరు ఒకసారి నడిచి ఉండాలి. అక్కడ ఎంతసేపు నిలబెడతారో, ఏ కాగితం లేదని వెనక్కి పంపుతారో మీకు అప్పుడే తెలుస్తుంది.

సూపర్‌వైజర్‌ను పనిలో పెట్టండి

వారానికోసారి జరగాల్సిన వ్యక్తిగత సమావేశం చాలాచోట్ల సంతకంతో ముగుస్తుంది. సార్‌కు తీరిక లేదు, మీకు ధైర్యం చాలదు. దీన్ని మార్చడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. ఖాళీ చేతులతో వెళ్లకండి, ప్రశ్నతో వెళ్లండి. "సార్, రిపోర్టు చూడండి" అంటే చూసి సంతకం పెడతారు. "సార్, అవ్వ వద్దంటోంది, నాకేమో వదిలేయాలని లేదు. ఇది నా ఆరాటమా, ఆమె అవసరమా?" అని అడిగితే కుర్చీ చూపించి కూర్చోమంటారు. మంచి ప్రశ్న విన్నప్పుడు బోధించాలనిపించని మాస్టారు అరుదు.

విమర్శ వచ్చినప్పుడు సంజాయిషీ చెప్పకండి. "మళ్లీ ఇలాంటి సందర్భం వస్తే ఏమనాలి?" అని అడిగి, ఆ మాటను అక్కడికక్కడే అని చూడండి. సూపర్‌వైజర్ నిజంగానే దొరకకపోతే ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి కూర్చోండి. ఒక్కో వారం ఒకరు ఒక కేసు చెప్పాలి. మిగిలినవాళ్లు సలహాలు ఇవ్వకూడదు, ప్రశ్నలే అడగాలి. మొదట్లో ఇది చాలా కష్టం. మనందరికీ సలహా నాలుక చివరే ఉంటుంది. ప్రశ్న మాత్రం వెతుక్కోవాలి. ఆ వెతుకులాటే మీకు కావాల్సిన శిక్షణ.

మనసు బరువెక్కితే

క్యాన్సర్ వార్డులో, ఏఆర్‌టీ సెంటర్‌లో, బాలికల హోమ్‌లో ఫీల్డ్ వర్క్ పడినవాళ్లకు రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం మామూలే. కొందరికి తమ ఇంట్లో జరిగినవే అక్కడ మళ్లీ కనిపిస్తాయి. "ఇంతకే ఏడిస్తే సోషల్ వర్కర్ ఎలా అవుతావు?" అనేవాళ్ల మాట పట్టించుకోకండి. బాధ కలగడం తప్పు కాదు. ఆ బాధతో ఏం చేస్తున్నామో గమనించుకోవాలి. సొంత డబ్బులు ఇచ్చేస్తున్నారా? రాత్రి పదింటికి క్లయింటు ఫోనులు ఎత్తుతున్నారా? ఒక ఇంటికి వెళ్లాల్సి వస్తే ఏదో వంకతో దాటేస్తున్నారా? ఈ మూడింటిలో ఏది కనిపించినా సూపర్‌వైజర్‌తో చెప్పాల్సిన సమయం వచ్చినట్టే.

వీడ్కోలు కూడా పనిలో భాగమే. మీరు వెళ్లిపోయే తేదీ క్లయింటుకు మొదటి నెలలోనే చెప్పండి, చివరి నెలలో మళ్లీ గుర్తు చేయండి. మిగిలిన పనుల జాబితా రాసి, తర్వాత వచ్చే విద్యార్థికో సంస్థ సిబ్బందికో అప్పగించండి, వీలైతే ఆ మనిషిని వెంటబెట్టుకెళ్లి పరిచయం చేయండి. మన జనాన్ని ఇప్పటికే చాలామంది సర్వేలు చేసి వదిలేశారు. వాళ్లలో మీరు ఇంకొకరు కావద్దు.

మీకు మీరే పెట్టుకునే పరీక్ష

ఈ నెల నుంచే మొదలుపెట్టడానికి కొన్ని పనులు:

1. పాత ఫీల్డ్ వర్క్ రికార్డు తీసి 'అవగాహన కల్పించాను', 'కౌన్సెలింగ్ ఇచ్చాను', 'ర్యాపో ఏర్పరచుకున్నాను' అన్న వాక్యాల కింద గీత గీయండి. ఒక్కోదాని పక్కన అసలు ఏం జరిగిందో రాయండి. రాయలేకపోతే ఏ విజిట్ వృథా అయిందో తెలిసిపోతుంది.

2. వారానికి ఒక సంభాషణ మాటకు మాట రాయండి. మీరు ఎక్కువ మాట్లాడారా, వాళ్లు ఎక్కువ మాట్లాడారా లెక్కపెట్టండి.

3. నెలకు ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లి, ఒక దరఖాస్తు మొదటి నుంచి చివరిదాకా ఎలా నడుస్తుందో చూడండి.

4. తరగతిలో విన్న ఒక సిద్ధాంతాన్ని ఆ వారం చూసిన ఒక మనిషికి అన్వయించి ఒక పేజీ రాయండి. అన్వయించడం కుదరకపోతే ఎక్కడ కుదరలేదో రాయండి. అది ఇంకా మంచి పేజీ అవుతుంది.

5. సెమిస్టర్ చివర ఒక కేసును అయిదు నిమిషాల్లో, పేర్లు బయటపడకుండా, స్నేహితుడికి చెప్పండి. అతను "ఎందుకు?" అని మూడుసార్లు అడగాలి. మూడుసార్లూ జవాబు ఉంటే మీరు సిద్ధం.

డాక్టరుకు, లాయరుకు ఉన్నట్టు సోషల్ వర్కర్‌కు మన దేశంలో ప్రత్యేకంగా ఒక కౌన్సిల్, ఒక లైసెన్సు పరీక్ష లేవు. మానసిక ఆరోగ్య రంగం లాంటి కొన్నిచోట్ల తప్ప, మీరు ఈ పనికి తగినవాళ్లా కాదా అని డిగ్రీ తర్వాత గట్టిగా తేల్చి చెప్పేవాళ్లెవరూ లేరు. మీరు తగినవాళ్లు కాకపోతే దాని ఖర్చు భరించేది మీరు కాదు. ఆ అవ్వ, ఆ పాప భరిస్తారు. అందుకే ఆ పరీక్ష మీకు మీరే పెట్టుకోండి, మార్కులు మీరే కఠినంగా వేసుకోండి. ఇంకా సెమిస్టర్లు మిగిలుండగానే మొదలుపెట్టండి.